ముఖం తప్ప తక్కిన కమిషనరు

ప్రభుత్వాఫీసుల్లో పనులు జరగవని నోరు పారేసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక పని జరగకుండా ఉండడానికి లోపల ఎంత పని జరగాలో బయటివాళ్లకేం తెలుసు? గుమ్మళ్లదిన్నె పురపాలక సంఘంలో సూపరింటెండెంటుగా నేను జుట్టు నెరిపించుకున్నది ఆ పనిలోనే. మా ఆఫీసు ప్లాస్మా టీవీ గురించి ఊళ్లో తలా ఒక కథ అల్లి చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

ఆ టీవీ వచ్చింది ప్రజల కోసమే. ఏ పనికి ఏ సెక్షనుకు వెళ్లాలో పెద్ద తెర మీద చూపించమని పైఆఫీసు ఆదేశం. అప్పట్లో ప్లాస్మా అంటే మాటలు కాదు. నలుగురు మనుషులు మోసుకొచ్చి, జనం కూర్చునే హాల్లో గోడకు బిగించారు. బిగించిన మెకానిక్కు జిలాని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ మాకు జాగ్రత్తలు చెప్పాడు.

"సార్, దీంట్లో సన్నసన్న గదులుంటయి. గదిగదిలో గ్యాసు. కరెంటు తగిలితే గ్యాసు వెలిగి, గదికి పూసిన రంగుపొడిని మెరిపిచ్చుద్ది. ఒకటే బొమ్మ రోజుల తరబడి ఉంచారనుకోండి, ఆ చోటున్న పొడి అరిగిపోద్ది. ఇంక మీరు ఏం పెట్టినా వెనకాల పాత బొమ్మ నీడ కనపడతానే ఉంటది. కొత్తలో మరీ జాగర్త. వెలుగు తగ్గిచ్చి పెట్టుకోండి. బొమ్మలు మారుస్తా ఉండండి. పని లేనప్పుడు ఆపెయ్యండి. కదలకుండా ఉండే బొమ్మ మాత్రం పెట్టబాకండి."

మా కమిషనరు కందాళ్ల పరాంకుశం గారు ఆ మాట విని నవ్వారు. ఆయనకు గుబురు మీసం, నల్ల ఫ్రేము కళ్లజోడు. నవ్వితే మీసం మాత్రమే కదిలేది.

"చూడు జిలానీ, ఇది ప్రభుత్వ కార్యాలయం. ఇక్కడ కదలకుండా ఉండడమే సహజ స్థితి. ఆ బీరువాలో ఫైళ్లు నేను రాకముందు నుంచీ కదల్లేదు. వాటి మచ్చ గోడకు పడిందా?" అన్నారు.

పడలేదు. జిలాని దండం పెట్టి వెళ్లిపోయాడు.

సెక్షన్ల వివరాలు తెర మీద పెట్టేముందు మర్యాద ప్రకారం కమిషనరు గారి ఫోటో పెట్టాం. చేతులు జోడించి, పక్కకు తల తిప్పకుండా, పౌరుడి కళ్లలోకి సూటిగా చూస్తున్న ఫోటో. మర్నాడు దాన్ని తీసి వివరాలు పెడదామనుకుంటే ఒక చిక్కొచ్చింది. సారు ఫోటో తీసెయ్యమని సారుకి ఎవరు చెబుతారు? పోనీ సాయంత్రం టీవీ ఆపేద్దామా అంటే, "కమిషనరు గారిని ఆర్పేశావా" అన్న మాట ఎవరు పడతారు? రిమోటును ఒక కవర్లో పెట్టి, సీలు వేసి బీరువాలో భద్రపరిచాం. ఆదివారాలూ, పండగ సెలవులూ అన్నీ దాటుకుంటూ సారు ఆ గోడ మీద పూర్తి వెలుగుతో నమస్కరిస్తూనే ఉన్నారు. మా ఆఫీసులో సెలవు పెట్టకుండా డ్యూటీ చేసిన ఉద్యోగి అదొక్కటే.

ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యాక, సన్మానం వీడియో టీవీలో వేద్దామని రిమోటు సీలు విప్పాం. ఫోటో తీసేశాం. ముఖం పోలేదు. వీడియోలో అందరూ కదులుతున్నారు, అందరి వెనకాలా సారు చేతులు జోడించి నిలబడే ఉన్నారు. న్యూస్ చానల్ పెట్టి చూశాం. వార్తలు చదివే అమ్మాయికి గుబురు మీసం మొలిచింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకుని, "టీవీక్కూడా సారుని వదలబుద్ధి కావట్లేదండీ" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

చప్పట్ల ముచ్చట మర్నాడు ఉదయానికే తీరిపోయింది. కొత్త కమిషనరు ఇందుశేఖర్ గారు చార్జి తీసుకోవడానికి వచ్చారు. ఆయనది నున్నగా గీసిన మొహం. స్వాగతం అని రాసి ఆయన ఫోటో తెర మీద వేశాం. ఆయన మూతి మీద పరాంకుశం గారి మీసం వచ్చి కూర్చుంది, కళ్ల మీద కళ్లజోడు, గుండెల దగ్గర నాలుగు చేతులు. ఇందుశేఖర్ గారు ఆ తెరకేసి చూసి, తర్వాత నాకేసి చూశారు. నేను నేలకేసి చూశాను.

"సూపరింటెండెంట్ గారూ, చార్జి అప్పగింత మీద ఇక్కడ ఏదో సర్క్యులర్ ఉండాలే?" అన్నారు.

ఉంది. పరాంకుశం గారే ఇచ్చారు. తనకు ముందున్నాయన టిఫిన్ క్యారియరూ, కాశీతుండూ వదిలేసి వెళ్లారని కోపమొచ్చి ఇచ్చిన సర్క్యులర్. 'పదవి వీడు అధికారి తనకు సంబంధించిన ఏ వస్తువును గాని, చిహ్నమును గాని, జాడను గాని కార్యాలయ ఆవరణలో విడిచిపోరాదు. అట్లు విడిచినచో విధుల నుండి విముక్తుడు కాజాలడు.' ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

"ఇంత స్పష్టంగా ముఖమే విడిచిపెట్టి వెళ్తుంటే నేను చార్జి రిపోర్టు మీద ఎలా సంతకం చేస్తాను? ఒక పదవికి రెండు ముఖాలు ఉండడం పరిపాలనా సూత్రాలకు విరుద్ధం. వారు తమ ముఖమును తొలగించుకునే వరకు విముక్తులు కారు" అని చెప్పి ఇందుశేఖర్ గారు గెస్ట్‌హౌస్‌కి వెళ్లిపోయారు.

పరాంకుశం గారికి ఇది పిడుగుపాటు. ఎందుకంటే ఆయన ధర్మపత్ని అలివేలమ్మ గారు చార్‌ధామ్ యాత్రకు సామాను సర్దేసి ఉన్నారు. కాలనీ వాళ్లంతా కలిసి మాట్లాడుకున్న బస్సు. శుక్రవారం తెల్లవారగానే బయలుదేరుతుంది. పెళ్లయిన కొత్తలో తీసుకెళ్తానన్న మాట ఆయన ఏటేటా వాయిదా వేస్తూ వచ్చారు. ఒక ఏడు ఎన్నికలు, ఒక ఏడు జనాభా లెక్కలు, ఒక ఏడు ఆడిటు. "రిటైరయ్యాక మాత్రం నువ్వు ఎక్కడికంటే అక్కడికి" అని ఆవిడకు చేతిలో చెయ్యేసి చెప్పారట. ఇప్పుడు విధుల నుంచి విముక్తి కాలేదంటే ఆయన ఇంకా ఉద్యోగి కిందే లెక్క. ఉద్యోగి హెడ్‌క్వార్టరు వదలాలంటే కమిషనరు అనుమతి కావాలి. పాత కమిషనరు రిటైరయ్యారు కాబట్టి సంతకం పెట్టకూడదు. కొత్త కమిషనరు చార్జి తీసుకోలేదు కాబట్టి పెట్టలేడు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నారు పాపం.

జిలానిని పిలిపించాం. ఆ కబురు విని ఇందుశేఖర్ గారూ గెస్ట్‌హౌస్ నుంచి వచ్చి కూర్చున్నారు. అతను తెరను పక్కనుంచీ కిందనుంచీ చూసి పెదవి విరిచాడు.

"నేను ముందే చెప్పా గదా సార్. ఒక పూట ఉంచితే పడే నీడ టెంపరరీ. అది దానంతటదే పోద్ది. ఇది పర్మనెంట్ అయిపోయింది."

ఇందుశేఖర్ గారు చివాల్న లేచారు. "ఎవరి ఉత్తర్వుల మీద పర్మనెంట్ చేశారు? ఈ ఆఫీసులో టెంపరరీగా చేరి తాతలైపోయిన వాళ్లున్నారు. వాళ్లకు లేని క్రమబద్ధీకరణ ఒక మచ్చకు ఎలా వర్తిస్తుంది?"

"అదంతా నాకు తెలవదు సార్. తెల్ల తెర పెట్టి రాత్రీ పగలూ నడపండి, లేకపోతే బాగా కదిలే బొమ్మలు నడపండి. కొంచెం పలచబడితే పడుద్ది. నేను గట్టిగా చెప్పలేను."

తెల్ల తెర పెట్టాం. మధ్యలో ఇంకేమీ అడ్డం లేకపోయేసరికి సారు ముఖం మరింత తేటగా కనిపించింది. ఆఫీసుకు వచ్చిన ఒక ముసలమ్మ దేవుడి పటమనుకుని చెప్పులు విప్పింది.

ఇక కదిలే బొమ్మలు. కదలడంలో సినిమా పాటలను మించినవి లేవని ఏకాభిప్రాయానికి వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్యాన్సులు వేశాం. హాలు కిటకిటలాడింది. ఏ హీరోయిన్ గెంతినా మీసంతోనే గెంతింది. జనం ఈలలు వేసి, వచ్చిన పనులు మర్చిపోయి, సాయంత్రం సంతోషంగా ఇళ్లకు వెళ్లారు. ఆ రోజు ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదని మేం పైఆఫీసుకు రాశాం. అక్కణ్ణించి ప్రశంస కూడా వచ్చింది. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈలోగా ఇందుశేఖర్ గారికి ఇంకో భయం పట్టుకుంది. టీవీకి పట్టిన జబ్బు తక్కిన ఆఫీసుకు పాకితే? ఏదైనా ఒకే చోట కదలకుండా ఉంటే మచ్చ పడుతుందన్నది రుజువైన విషయం కదా. గెస్ట్‌హౌస్ నుంచి నోటిమాటగా ఆదేశం పంపారు. ఇక మీదట ఎవరూ ఒకే కుర్చీలో గంటకు మించి కూర్చోరాదు, బల్లల మీద జనం కూడా జరుగుతూ ఉండాలి. గంట కొట్టగానే జనన మరణాల గుమాస్తా లేచి వీధిదీపాల సెక్షనులో కూర్చునేవాడు. వీధిదీపాలాయన వెళ్లి ఇంటిపన్నులు చూసేవాడు. పనుల్లో ఏ మార్పూ రాలేదు. పైగా ఇన్నాళ్లూ వెన్నునొప్పి అని ఏడ్చే మా టైపిస్టుకి నొప్పి తగ్గింది.

చివరికి ముఖ నివారణ కమిటీ వేశారు. నేనూ సభ్యుణ్ణే. తల బద్దలు కొట్టుకుని మేం రాసిన నివేదిక ఇదీ: 'సదరు ముఖము కార్యాలయ స్థిరాస్తిలో అంతర్భాగమైనందున దానిని తీసికొని వెళ్లుట ప్రభుత్వ ఆస్తిని అపహరించుట అగును. తీసికొని వెళ్లకుండుట సర్క్యులరును ఉల్లంఘించుట అగును. కావున సదరు అధికారి ఏదో ఒకటి వెంటనే చేయవలెను.'

నివేదిక చదివి పరాంకుశం గారు హాల్లో బల్ల మీద కూలబడ్డారు. సరిగ్గా తన ముఖం కిందే. మూడొంతుల జీవితం ఆ భాష రాసి బతికిన మనిషి, మొదటిసారి అది తన మీదికే వచ్చేసరికి నీరుగారిపోయారు.

"బుచ్చేశ్వర్రావ్, ఇంటికెళ్లి ఆవిడకేం చెప్పను? ఈసారి కూడా లేదంటే ఊరుకోదయ్యా" అన్నారు నాతో. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

ఆయన ఇంటికెళ్లి చెప్పే అవసరం రాలేదు. గురువారం మధ్యాహ్నం అలివేలమ్మ గారే ఆఫీసుకొచ్చారు. జరీ అంచు నేతచీర, చేతిలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న ఊలు మంకీక్యాప్. ఇందుశేఖర్ గారు కూడా ముఖం పలచబడిందేమో చూద్దామని ఆ సమయానికి అక్కడే ఉన్నారు. ఆవిడ ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వెళ్లి టీవీ ముందు నిలబడి మొగుడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. గంట మోగింది. సిబ్బంది కుర్చీలు మారారు. ఆవిడ కదల్లేదు.

"నా కాపురం మొత్తంలో ఈయన నా మొహంకేసి ఇంతసేపు చూసింది లేదండీ. ఎప్పుడు చూసినా ఫైలే. అన్నం తినేటప్పుడూ ఫైలే. ఈడ మాత్రం ఊళ్లో అడ్డమైనోళ్లందరికీ చేతులు జోడిచ్చి నిలబడ్డాడు" అన్నారు.

"అదేంటే, ఆఫీసులో..." అని పరాంకుశం గారు లేవబోయారు.

"మీరు కూర్చోండి. మీతో కాదు మాట్లాడేది." ఆవిడ ఇందుశేఖర్ గారివైపు తిరిగారు. "బాబూ, ఏందంట ఇబ్బంది?"

"అమ్మా, నిబంధనల దృష్ట్యా వారి ముఖము ఇంకనూ కార్యాలయ ఆధీనంలో ఉన్నది. కనుక వారు విముక్తులు కాజాలరు."

"మొహమే గదా? ఉంచుకోండి."

"అమ్మా?"

"మొహాన్ని మీరే ఉంచుకోండయ్యా. ఇన్నాళ్లూ మీ దగ్గరే ఉంది, ఇప్పుడు కొత్తగా నాకు పోయిందేముంది? మొహం తీసేసినాక మిగిలిన మనిషి ఉన్నాడు చూడండి, ఆ మనిషిని నాకిచ్చెయ్యండి. చేతులూ కాళ్లూ ఉంటే చాలు, సంచులు మోస్తాడు. రేపు పొద్దున్నే బస్సు."

సర్వీసంతా ఫైళ్లు ఆపడానికి వాడిన తెలివిని ఒక్కసారి కదపడానికి వాడదామని నాకెందుకో అనిపించింది.

"సార్, దీనికి మార్గముంది. స్టోరుకీపరు బదిలీ అయినప్పుడు గోడకు బిగించిన సామాను అప్పగించలేకపోతే, అది మినహాయించి తక్కినది అప్పగించినట్టు రాస్తాం. కమిషనరు గారిలో గోడకు బిగించిన భాగం ముఖం ఒక్కటే" అన్నాను.

నిబంధనకు నిబంధనే అడ్డుపడితే అధికారికి ఒక విధమైన ప్రశాంతత వస్తుంది. ఇందుశేఖర్ గారు కాగితం తెమ్మన్నారు. 'నా ముఖము తప్ప తక్కిన నేను ఈ దినమున విధుల నుండి వైదొలగుచున్నాను' అని పరాంకుశం గారు సంతకం చేశారు. అలివేలమ్మ గారు సంచీ ఆయన చేతికిచ్చి ముందు నడిచారు. ఆయన గుమ్మం దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి తిరగబోయారు గానీ, "ఇంక చూసింది చాల్లెండి, రండి" అన్న కేక వినిపించి వెళ్లిపోయారు.

ఇందుశేఖర్ గారి వంతు వచ్చింది. 'ముఖము తప్ప తక్కిన కమిషనరు పదవిని స్వీకరించుచున్నాను' అని రాయాలి. ఆయన కలం పట్టుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. ముఖం లేని పదవి ఊళ్లో ఎట్లా వెలగబెడతానని కలం మూసేసి, మెడికల్ లీవు పెట్టి వెళ్లిపోయారు.

ప్రస్తుతం కమిషనరుగా ఎవరున్నారని పైఆఫీసు అడిగింది. ఉన్నదే రాశాం: పరాంకుశం గారు, పాక్షికంగా. 'ఉన్న అధికారియే తదుపరి ఉత్తర్వుల వరకు కొనసాగవలెను' అని జవాబొచ్చింది. పైవాళ్ల మాట మేం జవదాటం. ఆ రోజు నుంచి ఫైళ్లన్నీ హాల్లో తెర ముందు విప్పి చూపించడం మొదలుపెట్టాం. సారు సూటిగా చూస్తారు. అభ్యంతరమేదీ చెప్పరు. మౌనం అర్ధాంగీకారం. ఆఫీసులో ఉన్న సంతకం రబ్బరుస్టాంపు వేసి మిగతా సగం పూర్తి చేసేవాళ్లం.

ఏం చెప్పమంటారు! ఆ కమిషనరు మీటింగులకు పోడు. క్యాంపులకు పోడు. రేపు రమ్మనడు. ఫలానా కాగితం ఏదని కసరడు. ఎమ్మెల్యే గారి మనిషొచ్చినా, రిక్షావాడొచ్చినా ఒకే నమస్కారం. బీరువాలో తరాల నాటి ఫైళ్లు బయటికొచ్చి దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాయి. తనిఖీకి వచ్చిన జాయింట్ డైరెక్టరు గారు నోరు వెళ్లబెట్టి, కారణమేంటని అడిగి తెలుసుకుని, అన్ని పురపాలక సంఘాలకూ సర్క్యులర్ పంపారు: 'ప్రతి కార్యాలయములోను ప్లాస్మా టీవీ అమర్చి, అధికారి ముఖమును పూర్తి వెలుగులో నిశ్చలముగా నిలుపవలెను. బొమ్మలు మార్చరాదు. ఎట్టి పరిస్థితులలోను ఆపరాదు. ముఖము శాశ్వతముగా ముద్రితమైన పిమ్మట అధికారిని విముక్తుని చేయవచ్చును.' జిలానికి చేతినిండా పని దొరికింది. వద్దని తను చెప్పినవన్నీ ఇప్పుడు తప్పకుండా చెయ్యాలని ఊరూరా తిరిగి నేర్పుతున్నాడు.

యాత్ర ముగించుకుని పరాంకుశం గారు ఒక రోజు ఆఫీసుకొచ్చారు. మొహం ఎండకీ చలికీ నల్లగా కమిలింది. మీసం తీయించేశారు. పక్కన అలివేలమ్మ గారు. ఆవిడ మాకందరికీ తలా ఒక రుద్రాక్షా, ఇంత ప్రసాదమూ పంచిపెట్టారు. ఇంటికి ఇంకో కుళాయి కనెక్షన్ కావాలట. చాన్నాళ్ల నుంచి ఆవిడ అడుగుతున్నదే. మొగుడే కమిషనరుగా ఉండగా రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ జతపరచిన పత్రాలు అసంపూర్ణమని తిప్పికొట్టించుకున్న దరఖాస్తు.

నేను కాగితం తీసుకుని తెర ముందు విప్పి పట్టుకున్నాను. స్టాంపు వేసి ఆయన చేతికిచ్చేశాను. అప్పటికి వాళ్లకు తెప్పించిన టీ ఇంకా చల్లారలేదు.

పరాంకుశం గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత గోడ మీదికి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా హయాంలో పని ఇంత తొందరగా ఎప్పుడన్నా అయిందా బుచ్చేశ్వర్రావ్?" అన్నారు.

"ఇదీ మీ హయామే సార్. కాకపోతే మీరు లేరంతే" అన్నాను.